ఐదు పన్నెండుకు పోయిన రుమాళ్లు

ఫోల్డర్ ఖాళీగా ఉంది.

నిన్న సాయంత్రం దాకా అందులో ఒకే ఒక్క ఫైల్ ఉండేది. మూడున్నర జీబీ. మూడు వందల పన్నెండు రుమాలు డిజైన్లు. సిద్దయ్య నలభై ఏళ్ల చేతి పని. ఇప్పుడు తెర మీద తెల్లటి గడి తప్ప ఏమీ లేదు.

2022 జూలై 19, మంగళవారం. మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. నకిరేకల్‌కు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోని గుండ్లబావి చేనేత సంఘం ఆఫీసులోకి సైబర్ విభాగం ఎస్సై సుమన అడుగుపెట్టింది. వెనుక హెడ్ కానిస్టేబుల్ యాదయ్య.

లోపల నలుగురున్నారు.

కంప్యూటర్ పక్కన గోడకు ఆనుకొని ఒక యువతి నిలబడి ఉంది. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి. కుడిచెయ్యి ప్లగ్ బోర్డు మీద కప్పి ఉంది, ఎవరైనా లాగేస్తారేమో అన్నట్టు. శ్రీలత. సంఘం కంప్యూటర్ ఆపరేటర్. ఫోన్ చేసింది ఆమే.

"స్విచ్ ఆఫ్ చేయొద్దని మీరు ఫోన్ల చెప్పిండ్రు గదా మేడం. గప్పటి సంది ఈడనే నిలబడ్డ."

"మంచి పని చేసినవ్."

కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన. ఆయనే సిద్దయ్య, శ్రీలత మామ. రెండేళ్ల కింద పక్షవాతం కొట్టింది. కుడిచెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. మాట ముద్దగా వస్తుంది.

బల్ల వెనుక సంఘం మేనేజర్ నరహరి. నలభై ఎనిమిదేళ్లు. ఇస్త్రీ చొక్కా. బల్ల ముందు మోత్కూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే దయాకర్, చేతిలో స్క్రూడ్రైవర్ తిప్పుతూ.

"రీస్టార్ట్ చేస్తే వస్తదేమో అన్న మేడం. ఈమె చెయ్యనియ్యలే," అన్నాడు దయాకర్.

"చేసి ఉంటే రేపటి పని అక్కడే చెడిపోయేది," అంది సుమన.

రేపు ఉదయం పదకొండు గంటలకు హైదరాబాద్‌లో హియరింగ్. సిద్దయ్య రుమాళ్ల డిజైన్లు తమవేనని పట్నంలోని ఒక కంపెనీ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టింది. సంఘం అభ్యంతరం చెప్పింది. అసలు డిజైన్లు చూపించమన్నారు. గ్రాఫ్ కాగితాలు నిరుటి వానకు ఇల్లు కూలి ముద్దయిపోయాయి. అంతకు ముందే శ్రీలత రెండేళ్లు కూర్చొని ఒక్కో కాగితాన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌లో ఎక్కించింది. మిగిలింది ఆ ఫైలే.

"ఇంకో కాపీ?"

"పెన్‌డ్రైవ్ల ఉండె. సొరుగుల పెట్టిన. అదీ లేదు," అంది శ్రీలత.

సుమన కుర్చీ లాక్కుంది. పాత యంత్రం. పక్కన దుమ్ము పట్టిన యూపీఎస్.

"ఏ సిస్టం ఇది?"

"లినక్స్ మేడం," అన్నాడు దయాకర్. "పాత మిషిన్. వేరేది ఎక్కిస్తే కదలకపోయె. లినక్స్ ఫ్రీ గదా అని మూడేండ్ల కింద నేనే ఎక్కించిన."

"ఎంత మందికి లాగిన్ ఉంది?"

"ముగ్గురికి. శ్రీలతకొకటి. నరహరి సారుకొకటి. రూట్ పాస్‌వర్డ్ నా దగ్గర."

"రూట్ ఏంది?" అడిగాడు యాదయ్య, నోట్‌బుక్ తెరుస్తూ.

"ఇంటి యజమాని అనుకో యాదన్నా. రూట్‌కు అన్ని తలుపులు తెరుచుకుంటయి. మిగతావాళ్లు కిరాయికున్నట్టు. ఎవరి గది వాళ్లదే."

సుమన దయాకర్ వైపు తిరిగింది.

"ఫైల్ ఎప్పుడు పోయిందో చూసినవా?"

"చూసిన. లాగ్ల ఉంది. శ్రీలత లాగిన్‌తోటి తెర లాక్ తీసింది ఐదూ పన్నెండుకు. ఫోల్డర్ మారింది గూడ ఐదూ పన్నెండుకే. పొద్దుగాల."



నరహరి మెల్లగా దగ్గాడు. "చెప్పొద్దనుకున్న మేడం. ఇంటి పిల్ల లెక్క. గని పొద్దున ఐదింటికి పాలకేంద్రం కాడ ఉన్న. ఆఫీసుల లైటు ఎలుగుతాంది. ఈమె బయటికొచ్చుడు కండ్లార చూసిన."

"నిజమా శ్రీలతా?"

"నిజమే మేడం. మామ దవాఖాన కాగితాలు నిన్న ఈడ మరిచిపోయిన. ఆరింటి బస్సు అందుకోవాలె. లైటేసిన, కాగితాలు తీస్కున్న, తాళమేసి పోయిన."

"కంప్యూటర్ ముట్టినవా?"

"ముట్టలే."

"తర్వాత?"

"నల్లగొండ పోయినం. ఒంటిగంటకు వచ్చినం. వచ్చేటాల్లకు ఫైల్ లేదని నరహరన్న చెప్పిండు."

"నీ పాస్‌వర్డ్ ఇంకెవరికన్న తెలుసా?"

శ్రీలత తటపటాయించింది. "పోయిన నెల జరమొచ్చి రాలేకపోయిన. ఏదో ప్రింట్ గావాలంటే నరహరన్నకు ఫోన్ల చెప్పిన."

"నాకు గుర్తు గూడ లేదు మేడం," అన్నాడు నరహరి వెంటనే. "ఆ దినం కాగితం మీద రాస్కున్న, పారేసిన."

సుమన ఒక్కొక్కరినీ అడగసాగింది. చిన్న ప్రశ్నలు. యాదయ్య పెన్ను గబగబా కదిలింది.

"నరహరి గారూ, ఆఫీసుకు ఎన్నింటికి వచ్చిండ్రు?"

"పదింటికి."

"తాళం ఎవరు తీసిండ్రు?"

"నేనే. రెండే తాళంచెవులు. ఈమె దగ్గరొకటి, నా దగ్గరొకటి."

"మీరొచ్చినంక ఎవరన్నా లోపలికి వచ్చిండ్రా?"

"పురుగు గూడ రాలే. పది నుంచి దయాకర్ వచ్చేదాకా నేనొక్కన్నే. ఊడ్చే సత్తమ్మ గూడ ఇయాల సెలవు. కావాలంటే రాసిస్త."

"రాసియ్యండి."

నరహరి రాసి సంతకం పెట్టాడు. అక్షరాలు గుండ్రంగా, స్థిరంగా ఉన్నాయి.

"దయాకర్, నువ్వు?"

"పన్నెండున్నరకు వచ్చిన. అంతకుముందు దుకాణంల ఒక్కన్నే. చూసినోళ్లు ఎవ్వరు లేరు మేడం. ఉన్నది చెప్తాన."

రూట్ పాస్‌వర్డ్ ఉన్నవాడు. సాక్షి లేనివాడు. సుమన ఆ మాట మనసులో పెట్టుకొని కీబోర్డు వైపు తిరిగింది.

నల్లని కిటికీ తెరిచింది. అక్షరాలతో ఆజ్ఞలిచ్చే చోటు. షెల్. మొదట డిస్క్‌లో ఖాళీ ఎంతుందో అడిగింది.

నూటికి తొంభై ఎనిమిది పాళ్లు నిండి ఉంది.

సుమన వేళ్లు ఆగాయి.

మూడున్నర జీబీ ఫైల్ పోయింది. ఈ చిన్న డిస్క్‌లో అంత జాగా ఖాళీ కావాలి. కాలేదు.

"శ్రీలతా, నిన్న సాయంత్రం ఆ ఫైల్ తెరిచినవా?"

"తెరిచిన. మామ, నేను ఆఖరు పేజీలు చేర్చి చూసుకున్నం."

"మూసినవా?"

"లేదు. కిందికి దించి, తెర లాక్ చేసిన. మిషిన్ ఎప్పుడూ ఆఫ్ చెయ్యం."

సుమన కీబోర్డు వైపు వంగింది. ఏ ప్రోగ్రాం ఏ ఫైల్‌ను పట్టుకొని ఉందో చూపమంది. వరుసలు వరుసలుగా వచ్చాయి. కిందికి పోయింది. ఇంకా కిందికి.

అక్కడుంది. పేజీలు చూపించే ప్రోగ్రాం. దాని చేతిలో ఒక ఫైల్. పేరు పక్కన ఒక ముక్క: డిలీటెడ్.

"ఉంది," అంది సుమన. "ఫైల్ ఇంకా ఉంది."

శ్రీలత ప్లగ్ మీది చెయ్యి తియ్యలేదు. "ఎట్ల మేడం?"

"తుడిచింది పేరును. లినక్స్‌లో లోపల అన్నిటినీ నడిపేది కెర్నల్. ఏదైనా ప్రోగ్రాం ఒక ఫైల్‌ను పట్టుకొని ఉన్నంతసేపు కెర్నల్ దాన్ని నిజంగా తుడవదు. ప్రోగ్రాం వదిలినా, మిషిన్ ఆగినా, అప్పుడు పోతది. శాశ్వతంగా."

ఆమె మాట ముగియలేదు. ఫ్యాను వేగం తగ్గింది. ట్యూబ్‌లైటు ఆరింది.

కరెంటు పోయింది.

యూపీఎస్ కూత పెట్టింది. ఒక్కసారి. ఆగింది. మళ్లీ.

మూడు గంటల నాలుగు నిమిషాలు.

"ఎంతసేపు ఆగుతది ఇది?"

దయాకర్ ముఖం పాలిపోయింది. "బ్యాటరీ పాతది మేడం. పది నిమిషాలు. మస్తుగైతే పన్నెండు."

"యాదన్నా, సబ్‌స్టేషన్‌కు ఫోన్ కొట్టు."

సుమన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చింది. డిస్క్ మీదే కాపీ తీద్దామంటే జాగా లేదు. పెన్‌డ్రైవ్‌కే పంపాలి. ఈ పాత మిషిన్‌కు ఎంతసేపు పడుతుందో. కమాండ్ టైప్ చేసింది. ఒక అంకె తప్పింది. చెరిపి మళ్లీ కొట్టింది. పెన్‌డ్రైవ్ చివర ఎర్రదీపం మినుకు మినుకుమంది.

మూడూ ఎనిమిది.

యూపీఎస్ కూత దగ్గర దగ్గరగా వస్తోంది.

"సబ్‌స్టేషనోళ్లు ఎత్తుతలేరు మేడం," అన్నాడు యాదయ్య.

"మళ్లీ కొట్టు."

నరహరి లేచాడు. "మేడం, గిట్ల మధ్యల ఆగిపోతే మిషినే కాలిపోతది. జర ముందే మంచిగ ఆఫ్ చేస్తే..."

"కూర్చోండి."

సుమన తల ఎత్తకుండానే అంది. చూపు మానిటర్ మీద పడింది. అదీ అదే యూపీఎస్ కరెంటు తాగుతోంది.

చెయ్యి చాపి మానిటర్ ఆపేసింది.

తెర నల్లబడింది. ఇక కళ్లముందున్నది ఒక్క ఎర్రదీపమే. అది మినుకుతుంటే ఫైల్ వస్తున్నట్టు. ఆగితే అయిపోయినట్టు, లేదా మిషిన్ చచ్చినట్టు. ఏదో తెలియదు.

మూడూ పన్నెండు. శ్రీలత పెదవులు కదులుతున్నాయి. పేజీలు లెక్కపెడుతోందో, మొక్కుతోందో.

మూడూ పదిహేను. కూతకూ కూతకూ మధ్య సందు లేదు.

మూడూ పద్దెనిమిది. సిద్దయ్య ఎడమచేత్తో కుర్చీ అంచు పట్టుకొని ముందుకు వంగాడు.

దీపం ఆగింది.

యూపీఎస్ ఇంకా కూస్తూనే ఉంది. అంటే మిషిన్ బతికే ఉంది. సుమన మానిటర్ స్విచ్ నొక్కింది. పెన్‌డ్రైవ్‌లో ఏముందో చూపమంది. ఒక్క వరుస వచ్చింది. ఫైల్ పేరు. సైజు, మూడున్నర జీబీ. కాపీ అయిన టైం.

ఆ టైం చూసి ఆమె కళ్లు చిన్నవయ్యాయి. గోడ గడియారం వైపు చూసింది. మళ్లీ తెర వైపు. ఫోన్‌తో ఒక ఫోటో తీసింది. లాగ్ తెరిచి చివరి వరుసలకు మరో ఫోటో. పెన్‌డ్రైవ్‌ను జాగ్రత్తగా విడిపించి పీకింది.

రెండు నిమిషాల తర్వాత యూపీఎస్ నోరు మూసుకుంది. కంప్యూటర్ లోపలి ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది.

"వచ్చిందా మేడం?" అడిగింది శ్రీలత.

"వచ్చింది. ఆ ప్లగ్ వదిలెయ్యి ఇక. శ్రీలతా, దవాఖాన కాగితాలు చూపించు."

శ్రీలత సంచిలోంచి తీసి ఇచ్చింది. సుమన అందులో ఒక చీటీని వేరు చేసి బల్ల మీద పెట్టింది. జీపులోంచి తన ల్యాప్‌టాప్ తెప్పించింది. యాదయ్యను తలుపు దగ్గర నిలబడమంది.

మూడూ నలభై.

"ఇప్పుడు నేను చెప్పేది అందరూ వినండి," అంది సుమన. "ముందు దయాకర్ సంగతి. ఇతని దగ్గర రూట్ ఉంది. రూట్‌తో ఎవరి ఫైలైనా నేరుగా తుడవొచ్చు. శ్రీలత తెర లాక్ తీసే అవసరం లేదు. ఆమె పాస్‌వర్డ్ అవసరం అంతకన్నా లేదు. ఇంటి యజమాని కిరాయిదారు తాళంచెవి దొంగతనం చెయ్యడు."

దయాకర్ స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి ఊపిరి వదిలాడు.

"ఆ ఫోల్డర్ పర్మిషన్లు చూసిన. శ్రీలత రాయొచ్చు, తుడవొచ్చు. మిగతా లాగిన్లు చూడొచ్చు, అంతే. అంటే ఈ పని చేసినవాళ్లకు శ్రీలత పాస్‌వర్డ్ కావాలి. లాగ్‌లో ఇంకో వరుస ఉంది. దయాకర్ పట్టించుకోలేదు. ఐదూ పదకొండుకు ఒకసారి తప్పు పాస్‌వర్డ్ పడింది. నిమిషం తర్వాత సరైంది. మూడేళ్ల సంది రోజూ కొట్టే పాస్‌వర్డ్."

"తప్పుడు ఎవరికైనా పడతది మేడం," అన్నాడు నరహరి. "పొద్దుగాల నిద్రమొకం. ఐదింటికి ఆఫీసుల ఉన్నది ఈమె ఒక్కతే గదా."

"ఐదింటికి ఉన్నది ఆమె ఒక్కతే. ఒప్పుకుంటున్న."

సుమన ఫోన్ తీసి మొదటి ఫోటో అందరికీ చూపించింది.

"ఇది నేను తీసిన కాపీ. మూడూ పందొమ్మిదికి అయిపోయింది. మీ అందరి ముందట. గోడ గడియారం మీరూ చూసిండ్రు. కంప్యూటర్ ఎంత రాసుకుందో చూడండి."

దయాకర్ వంగి చూశాడు. నుదురు ముడిపడింది.

"తొమ్మిదీ నలభై తొమ్మిది," అన్నాడు. తర్వాత నాలుక కరుచుకున్నాడు. "అయ్యో. టైం జోన్."

"అది చెప్పు అందరికీ."

"ఎక్కించినప్పుడు మన దేశం టైం పెట్టలే మేడం. తెర మూలకున్న గడియారం ఒక్కటి సరిచేసిన. లోపల లాగ్‌లన్ని ప్రపంచ టైంల రాస్కుంటానయి. మనకన్న ఐదున్నర గంటలు ఎనక."

"అయితే లాగ్‌లో ఐదూ పన్నెండు అంటే మనకెంత?"

దయాకర్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. "పదీ నలభై రెండు. పొద్దుగాల."

యాదయ్య పెన్ను ఆగిపోయింది.

సుమన బల్ల మీది చీటీ ఎత్తింది. "ఇది నల్లగొండ దవాఖాన ఓపీ చీటీ. దీని మీద ముద్ర పదీ ముప్పై ఐదు. పక్కన శ్రీలత సంతకం. పదీ నలభై రెండుకు ఆమె ఇక్కడ లేదు."

చీటీ కింద పెట్టి, ఆమె రెండో కాగితం తీసింది. గుండ్రటి అక్షరాలు.

"పదింటికి నేనే తాళం తీసిన. దయాకర్ వచ్చేదాకా నేనొక్కన్నే ఉన్న. వేరే ఎవ్వరు లోపలికి రాలేదు. సంతకం, నరహరి."

ఆఫీసు బయట ఎవరింట్లోనో మగ్గం చప్పుడు వినిపిస్తోంది. టక్, టక్.

"ఐదూ పన్నెండు మీరు పుట్టించిన అబద్ధం కాదు నరహరి గారూ. దయాకర్ నోట్లోంచి వచ్చింది. మీరు పాలకేంద్రం దగ్గర ఆ టైంకే శ్రీలతను చూసిండ్రు. కలిసొచ్చింది అనుకున్నరు. పొద్దున ఐదింటి మీద ఎంత బరువు పెట్టాలో అంత పెట్టిండ్రు. పది గంటల సంగతి ఎవరూ అడగరని, అది మీ అంతట మీరే రాసిచ్చిండ్రు."

నరహరి నవ్వడానికి ప్రయత్నించాడు. రాలేదు. కుర్చీలో కొంచెం కిందికి జారాడు. ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి, సొరుగులోంచి పోయిన చిన్న నీలం పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద ఉంచాడు.

"ఎందుకు?" అడిగింది సుమన. "ఆ కంపెనీ ఏమిస్తమన్నది?"

"పేరు," అన్నాడు నరహరి.

"అంటే?"

"డిజైన్ నరహరి అని రాస్తమన్నరు. డబ్బా మీద. సర్టిఫికెట్ మీద." అతను సిద్దయ్య వైపు చూడలేదు. "పద్నాలుగేండ్లప్పుడు ఈయన దగ్గర చిటికి కట్టుడు నేర్చుకున్న మేడం. నూలుకు రబ్బరు కట్టుడు, రంగుల ముంచుడు, విప్పుడు. మళ్ల కట్టుడు. ఒక్క పోగు జరిగితే రుమాలంత పాడైతది. ఇరవై ఏండ్లు కట్టిన. గోర్లు అరిగినయి. కండ్లు మందగించినంక ఈ కుర్చీల కూసున్న. అవార్డులు వచ్చినయి, పేపర్ల ఫోటోలు వచ్చినయి. అన్నిట్ల సిద్దయ్య. నా పేరు యాడ్నన్న ఉన్నదా?"

శ్రీలత ముఖం ఎర్రబడింది. "గందుకని నన్ను జైలుకు పంపుతవా నరహరన్నా?"



కిటికీ దగ్గర సిద్దయ్య ఏదో అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. శ్రీలత దగ్గరికి పోయి చెవి ఒగ్గింది.

"ఆఖరు పేజీలు చూపియ్యమంటుండు మేడం."

సుమన తన పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి ఫైల్ తెరిచింది. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. సింహాలు, గడియారాలు, చేపలు. మూడు వందల పన్నెండు దాటాక బొమ్మలు ఆగాయి. అక్షరాలు మొదలయ్యాయి.

"ఇవేంది?"

"నిన్న సాయంత్రం చేర్చినం," అంది శ్రీలత. "ఏ డిజైన్‌కు చిటికి ఎవరు కట్టిండ్రో మామ ఒక్కొక్కటి చెప్పిండు. నేను కొట్టిన. రేపు హియరింగ్ల ఇయ్యాలె అన్నడు. నాలుగు గంటలు పట్టింది. మామకు మాట సరిగ రాదు గద."

సుమన ల్యాప్‌టాప్‌ను నరహరి వైపు తిప్పింది.

అతను చదవసాగాడు. మొదటి వరుస. ఒకటో డిజైన్. గీత: సిద్దయ్య. కట్టు: గుర్వమ్మ. రెండు. మూడు. నాలుగో వరుస దగ్గర అతని వేలు ఆగింది. కట్టు: నరహరి. ఐదు, నరహరి. తొమ్మిది, నరహరి. పేజీ తిప్పాడు. మళ్లీ తిప్పాడు.

"ఎన్ని ఉన్నయి?" అడిగాడు చివరికి.

"నూటా పద్నాలుగు," అంది శ్రీలత.

నరహరి తీసిన నీలం పెన్‌డ్రైవ్‌లోని పాత కాపీలో ఈ పేజీలు లేవు. తుడిచే ముందు ఫైల్‌ను అతను తెరిచి చూడలేదు. చూసి ఉంటే చాలేది.

సిద్దయ్య ఎడమచెయ్యి పైకెత్తాడు. ఈసారి మాట కొంచెం తేటగా వచ్చింది.

"నరహరీ. అడగాల్సింది గదరా."

"నువ్వు చెప్పాల్సింది గద పెద్దబాపూ," అన్నాడు నరహరి. "ముప్పై ఏండ్లు."

సిద్దయ్య తల ఊపాడు. అవును, చెప్పాల్సింది అన్నట్టు.

నాలుగూ పదికి కరెంటు వచ్చింది. సుమన రెండు కాపీలు తీసింది. ఒకటి సాక్ష్యం కింద సీల్ చేసింది. రెండోది శ్రీలత చేతిలో పెట్టి, రసీదు రాయించుకుంది. రేపు పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కాలి. ఆఖరు పేజీలు తీసేయాలా అని శ్రీలత మామను అడిగింది. సిద్దయ్య వద్దన్నాడు. ఒక్క పేరు గూడ తియ్యొద్దన్నాడు.

మర్నాడు హియరింగ్‌లో ఆ పేజీలతో సహా ఫైల్ దాఖలైంది. కంపెనీ వకీలు ఒక్క రుమాలుకైనా చిటికి ఎవరు కట్టారో చెప్పలేకపోయాడు. రెండు నెలల తర్వాత దరఖాస్తు కొట్టేశారు. కానీ అది తర్వాతి సంగతి.

ఆ మంగళవారం సాయంత్రం మాత్రం యాదయ్య జీపు బానెట్ మీద అరెస్టు మెమో పరిచి నింపుతున్నాడు. పేరు. తండ్రి పేరు. వయసు. ఊరు. వృత్తి దగ్గర పెన్ను ఆపి తలెత్తాడు.

"వృత్తి ఏం రాయాలె? సంఘం మేనేజర్ అని రాయాల్నా?"

నరహరి తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

"చిటికి కట్టేటోడు అని రాయుండ్రి."